సూక్తికి ఒక ‘గానే’ తగిలించండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. అయిదేళ్లుగా రోజూ ఉదయం ఆరు గంటలకు ఒక సూక్తి నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ఫోనులో వచ్చినవాటిలో మంచిది ఏరి, అందంగా రాసి, ఫొటో తీసి బంధువులకూ స్నేహితులకూ పంపుతాను. మూడు పుస్తకాలు నిండాయి, నాలుగోది కొన్నాను. అద్దం మీద ఒకటి, బీరువా తలుపు మీద ఒకటి అంటించాను కూడా. కిందటి నెల మా చెల్లెలి కూతురు వచ్చి ఆ పుస్తకాలన్నీ తిరగేసి, ‘పెద్దమ్మా, వీటిలో నువ్వు చేసేది ఏది?’ అని అడిగింది. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. రోజూ నడవాలని ఉంది. రాత్రిళ్లు ఫోను పక్కన పెట్టి పుస్తకం చదవాలని ఉంది. ఇంట్లో వాళ్ల మీద కేకలు వేయడం మానుకోవాలని ఉంది. సూక్తి చదివినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. పదింటికల్లా అంతా మామూలే. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని విని రెండుసార్లు నడక మొదలుపెట్టాను. మొదటిసారి తొమ్మిదో రోజున, రెండోసారి 22వ రోజున మానేశాను. నేను పుట్టు సోమరినా? ఈ సూక్తులను అలవాట్లుగా మార్చుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం మూడు వారాలు నా బల్ల మీద పడి ఉంది. ఆలస్యానికి క్షమాపణతో పాటు అది పడి ఉన్న చోటు కూడా చెప్పుకోవాలి. నా బల్ల అద్దం కింద ఎప్పుడో పెట్టుకున్న కాగితం ఒకటి ఉంది. ‘రేపటి పని ఈ రోజే’ అని దాని మీద నా చేతిరాతే. జవాబు రాయవలసిన ఉత్తరాల కట్టను సరిగ్గా ఆ కాగితం మీదికే పేరుస్తుంటాను. ఆ అక్షరాలు నాకు కనబడటం మానేసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. మీ ఉత్తరం కోసం కట్టను పక్కకు జరిపితే మళ్లీ కనబడ్డాయి. కాబట్టి పీఠం ఎక్కి మీకు బోధ చేసే అర్హత నాకు లేదు. చదివినవీ చూసినవీ చెబుతాను.

ముందు ‘సోమరి’ అన్న మాట కొట్టేయండి. సోమరులు అయిదేళ్లపాటు రోజూ ఆరింటికి కలం పట్టుకుని కూర్చోరు. లెక్క వేస్తే 1,800 ఉదయాలు దాటాయి. ఇంత గట్టి అలవాటును చేతిలో పెట్టుకుని, అలవాటు చేసుకోవడం ఎలా అని నన్ను అడుగుతున్నారు! అలవాటు చేసుకోవడం మీకు వచ్చు. మీకు అలవడింది సూక్తులు రాయడం, అంతే తేడా.

అది ఎలా అలవడిందో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. దానికి ఒక వేళ ఉంది. బహుశా ఒకే కుర్చీ, ఒకే కలం కూడా ఉండి ఉంటాయి. పని చిన్నది, పది నిమిషాల్లో అయిపోతుంది. పంపీ పంపగానే ‘బాగుంది’ అని నలుగురు జవాబిస్తారు, మనసుకు హాయిగా ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే వేళ, అదే కుర్చీ. ఇందులో ఉత్సాహం పాత్ర ఎంత? ఉత్సాహం లేని రోజుల్లో కూడా రాసే ఉంటారు. వెండీ వుడ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో తన సహచరులతో కలిసి ప్రచురించిన పరిశీలనలో కొందరి చేత గంటగంటకూ ఏం చేస్తున్నారో రాయించింది. వాళ్లు చేసినవాటిలో సుమారు 43 శాతం పనులు దాదాపు రోజూ, అదే చోట, తరచు మనసు ఇంకెక్కడో ఉండగానే జరిగిపోయేవి. అలవాటు అంటే అదే. మనం లేకపోయినా జరిగిపోయే పని. మీ సూక్తుల రాత ఆ స్థాయికి ఎప్పుడో చేరింది. నడక చేరలేదు, ఎందుకంటే దానికి వేళా లేదు, చోటూ లేదు, ‘గొప్పగా జీవించాలి’ అన్న పులకింత తప్ప.

ఆ పులకింత గురించి మన పెద్దవాళ్లకు బాగానే తెలుసు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్పారు. పురాణం వింటున్నంతసేపూ సంసారం మీద విరక్తి, లేచి దుమ్ము దులుపుకుంటే మళ్లీ అదే సంసారం. మీ ఉదయం ఆరింటి పులకింత మొదటి రకం. దాన్ని దొంగ భావమని అనను. ఆ క్షణంలో అది నిజమే. ఇబ్బంది ఎక్కడంటే దానికి కాళ్లు లేవు.

విలియం జేమ్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1890లో అలవాట్ల గురించి రాసిన అధ్యాయంలో ఒక దృశ్యం చెబుతాడు. రష్యాలో ఒక దొరసాని నాటకం చూస్తూ కల్పిత పాత్రల కష్టాలకు కన్నీరు కారుస్తుంటుంది, బయట బండి మీద ఆమె బండివాడు చలికి గడ్డకట్టి చచ్చిపోతుంటాడు. మంచి భావం కలగడం, దాన్ని ఏ పనిలోనూ పెట్టకుండా ఆవిరైపోనివ్వడం, ఇలా పదే పదే జరిగితే అదే ఒక అలవాటుగా స్థిరపడుతుందని ఆయన భయం. అంటే కదలకుండా పులకరించడం కూడా సాధనతో వచ్చేదే. దీనికి ఆయన చెప్పిన మందు చాలా చిన్నది. సంగీత సభలో మనసు కరిగిందా, ఆ తర్వాత ఏదో ఒకటి చేయి. మరీ గొప్ప పని దొరకకపోతే బండిలో నీ సీటు ఇంకొకరికి ఇవ్వు, అదీ చాలు. ఈ ఒక్క మాట కోసం ఆ ముసలాయనను నేను పాతికేళ్లుగా ఇష్టపడుతున్నాను. ఇంకో చోట ఆయనతో గొడవ ఉంది, తర్వాత చెబుతాను.

ఉత్తరంతో పాటు మీ నోటుపుస్తకంలో ఒక పేజీ ఫొటో కూడా పంపారు. అందులో ‘మనం పదే పదే చేసేదే మనం’ అన్న అర్థం వచ్చే వాక్యం కింద అరిస్టాటిల్ అని ఉంది. ప్రపంచమంతా అలాగే రాసుకుంటోంది కాబట్టి తప్పు మీది కాదు. ఆ వాక్యం విల్ డ్యురాంట్ అనే అమెరికా రచయితది. 1926లో అరిస్టాటిల్ భావాన్ని వివరిస్తూ తన మాటల్లో రాశాడు, పాఠకులు దాన్ని తీసుకెళ్లి ఆ గ్రీకు పెద్దాయన ఖాతాలో వేశారు. అరిస్టాటిల్ నిజంగా రాసింది ఇంకా ఘాటుగా ఉంటుంది. ఇల్లు కడుతూ కడుతూ కట్టేవాడవుతాడు, న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ న్యాయవంతుడవుతాడు అని చెప్పి, ఆ వెంటనే ఒక చురక వేస్తాడు. చాలామంది ఆ పనులు చేయరు, వాటి గురించిన మాటల్లో తలదాచుకుని తామూ మంచివాళ్లమవుతున్నామని అనుకుంటారు, వైద్యుడు చెప్పేదంతా శ్రద్ధగా విని చెప్పినవాటిలో ఒక్కటీ చేయని రోగుల్లాగా అని. చక్కని చేతిరాతతో రాసుకున్న మందుల చీటీలు మూడు పుస్తకాలు! నాకైతే ఈ మాట చదివినప్పుడు బల్ల అద్దం గుర్తొచ్చింది.

ఇందులో మెదడు చేసే మోసం కూడా కొంత ఉంది. గాబ్రియెల్ ఎటింగెన్ అనే శాస్త్రవేత్త మంచి భవిష్యత్తును ఊహించుకోవడం మీద చాలా కాలం పనిచేసింది. చదువు ముగించి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లలో, ఉద్యోగం వచ్చేసినట్టు తియ్యగా ఊహించుకునే అలవాటు ఎక్కువ ఉన్నవాళ్లకు తర్వాత వచ్చిన అవకాశాలు తక్కువ, జీతాలూ తక్కువ అని 2002లో ప్రచురించింది. ఊహలోనే గమ్యం చేరిపోతే ఒళ్లు ఇక ప్రయాణానికి సిద్ధం కాదు. చేరిన హాయి ముందే అందేసింది కదా. ఆమె విరుగుడు కూడా చెప్పింది. కోరుకున్నది ఊహించుకున్నాక, దానికి మనలోనే అడ్డొచ్చేది ఏమిటో వెంటనే ఊహించమంటుంది. మీ సూక్తుల్లో రెండో సగం ఎప్పుడూ ఉండదు, గమనించారా? శిఖరం ఉంటుంది, మోకాలి నొప్పి ఉండదు.

ఇక ఆ ఫొటోలు పంపడం. ఇది చెబితే మీకు కష్టంగా ఉండొచ్చు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో న్యాయశాస్త్ర విద్యార్థులు బాగా చదవాలన్న తమ సంకల్పాన్ని కాగితం మీద తెలిపారు. ఆ కాగితాన్ని ఎదుటివాళ్లు చూసి గుర్తించినప్పుడు, ఆ తర్వాత ఇచ్చిన కేసుల మీద వాళ్లు పెట్టిన శ్రమ తగ్గింది. ‘ఈవిడ క్రమశిక్షణ గల మనిషి’ అన్న పేరు రోజూ ఉదయం ఆరుంబావుకే మీకు అందిపోతుంటే, నడిచి సంపాదించుకోవలసింది ఏం మిగిలింది? మూడు నెలలు పంపడం ఆపి చూడండి. ఎవరైనా అడిగితే పుస్తకం నిండిపోయిందని చెప్పండి. అబద్ధం కూడా కాదు. మీ చెల్లెలి కూతురు మాత్రం వేరు. ఆమె మెచ్చుకోలేదు, లెక్క అడిగింది. అటువంటి మనిషి ఒక్కరు ఉంటే చాలు, వదులుకోకండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఒక సూక్తి తీసుకుని చిన్నప్పుడు బడిలో చేసినట్టు కర్త, కర్మ, క్రియ గుర్తించండి. ‘విజేతలు ఎన్నడూ ఆగరు.’ కర్త ఎవరు? విజేతలు. అంటే మీరు కాదు, నేనూ కాదు. ఎప్పుడు? ఎన్నడూ. అంటే ఫలానా మంగళవారం కాదు. ఎక్కడ అన్నది అసలే లేదు. ఏం చేయడం? ఆగకపోవడం, అది ఒక పని కూడా కాదు. మరొకటి, ‘ఈ రోజును సద్వినియోగం చేసుకో.’ కర్త ‘నువ్వు’ అనుకుందాం. సద్వినియోగం అంటే చేతులతోనా, కాళ్లతోనా? సూక్తి ఎవరికైనా, ఎప్పుడైనా వర్తించేలా చెక్కిన వాక్యం. అందుకే అది అందంగా ఉంటుంది, అందుకే ఈ రోజు ఆరున్నరకు మీకు వర్తించదు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అన్నది మనుషుల మీద వేసిన విసురు అనుకుంటాం. నాకది మాటల మీద వేసిన విసురుగా కూడా వినిపిస్తుంది. గడప అనే పదం లేని మాట గడప దాటించలేదు.

కాబట్టి దాన్ని తిరగరాయండి. కర్త స్థానంలో ‘నేను’ పెట్టండి. క్రియ స్థానంలో చూసేవాళ్లకు కనబడే పని పెట్టండి. కాలం, చోటు కోసం మన భాషలో ఒక చక్కని ముక్క ఉంది, ‘గానే’. లేవగానే, కూర్చోగానే, తాళం వేయగానే, దీపం ఆర్పగానే. ఇంగ్లీషు వంటి భాషల్లో రెండు వాక్యాలు రాసి కలుపుకునేదాన్ని మనం క్రియ చివర రెండక్షరాలతో చెప్పేస్తాం. ఆ రెండక్షరాల్లో మూడు సంగతులు ఇమిడి ఉన్నాయి. ముందు పని ఏది, వెనక పని ఏది, రెండింటి మధ్య సందు లేదు. ఆ సందులోనే కదా మన ‘తర్వాత చేద్దాం’ దూరేది.

ఇది నా చమత్కారం మాత్రమే కాదు. ఇందాకటి గోల్‌విట్జర్ జీవితమంతా పనిచేసింది ఈ ‘గానే’ మీదే అనొచ్చు. ఒకసారి విద్యార్థులకు పండుగ సెలవుల్లో రెండు రోజుల్లోగా ఒక వ్యాసం రాసి పంపమని చెప్పారు. సగం మందిని ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే అనుకోమన్నారు. అలా అనుకున్నవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా రాసి పంపారు, ఊరికే ‘రాస్తాను’ అనుకున్నవాళ్లలో పంపింది సుమారు మూడో వంతే. ఇద్దరి కోరికా ఒకటే. తర్వాత 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి ఇటువంటి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే మొత్తం మీద ప్రభావం గట్టిగానే కనబడింది. నిర్ణయాన్ని ఆ క్షణంలో తీసుకోనక్కరలేకుండా ముందే ఒక సందర్భానికి కట్టేయడం దీని కిటుకు. సందర్భం వచ్చిందంటే అదే గుర్తు చేస్తుంది, మీరు మీతో వాదించుకోవలసిన పని ఉండదు.

మరి మీ నడకను దేనికి కట్టాలి? కొత్తగా వెతకనక్కరలేదు. అయిదేళ్ల వయసున్న గుంజ మీ ఇంట్లోనే ఉంది. ‘నోటుపుస్తకం మూయగానే చెప్పులు వేసుకుని వీధి చివరి దాకా వెళ్లి వస్తాను.’ ఇదే వాక్యం. అరగంట నడక అని రాయకండి. వీధి చివర చాలు. చెప్పులు నోటుపుస్తకం పక్కనే, కాలికి తగిలేటట్టు ఉండాలి. మీ పుస్తకాల్లో వెయ్యి మైళ్ల ప్రయాణం ఒక్క అడుగుతో మొదలవుతుందన్న సూక్తి ఉండే ఉంటుంది. దాని మూలం ‘తావో తె చింగ్’ అనే పాత చైనా గ్రంథం, అందులో అక్కడ ఉన్న మాటకు అర్థం ‘పాదం కింద’ అని. ప్రయాణం పాదం కింద మొదలవుతుంది, అంటే ఇప్పుడు మీరు నిలబడ్డ చోట. చూశారా, మూలంలో చోటు ఉంది! చేతులు మారి మారి వచ్చేసరికి అది రాలిపోయింది. ఆ భాగంలోనే కొంచెం కిందికి వస్తే, మనుషులు పనిని సరిగ్గా ముగియబోతుండగా చెడగొట్టుకుంటారు, చివర్లోనూ మొదట్లో ఉన్నంత జాగ్రత్తగా ఉండమని ఉంటుంది. ఆ ముక్కను ఎవరూ గోడకు అంటించరు. మీ 22వ రోజుకు పనికొచ్చేది అదే.

ఆ 22వ రోజు సంగతి. మీరు మానేయడంలో నాకేమీ వింత కనబడలేదు. గడువు 21 అని చెప్పారు, గడువు తీరింది, పరీక్ష అయిపోయిన పిల్లల్లాగా పుస్తకం మూసేశారు. ఆ 21 ఎక్కడిదంటే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. శస్త్రచికిత్స చేయించుకున్న మనిషికి అద్దంలో తన కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ ఎక్కడో జారిపోయింది, ముఖం జారిపోయింది, నడకకూ వ్యాయామానికీ అదే లెక్క అయి కూర్చుంది. లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించి, ఎవరికి ఎన్నాళ్లలో పని తనంతట తాను జరిగే స్థాయికి వస్తుందో లెక్కకట్టింది. 2009లో వచ్చిన ఆ ఫలితాల్లో సగటు వంటిది 66 రోజులు. మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 దాకా ఉంది. నీళ్లు తాగడం వంటివి త్వరగా కుదిరాయి, వ్యాయామం వంటివి ఆలస్యంగా. కాబట్టి గడువు పెట్టుకోకండి. పెట్టుకుంటే గోడ మీద గీతలు గీసి రోజులు లెక్కపెట్టే ఖైదీలా తయారవుతాం.

తొమ్మిదో రోజున ఎందుకు మానేశారో మీరు రాయలేదు. నా ఊహ ఏమిటంటే, ఒక రోజు తప్పింది, ‘పోయింది, మొత్తం పోయింది’ అనుకున్నారు. జేమ్స్‌తో నా గొడవ ఇక్కడే. కొత్త అలవాటు వేళ్లూనుకునే దాకా ఒక్క మినహాయింపు కూడా ఇవ్వకూడదని, ఇస్తే కష్టపడి చుట్టిన దారపు ఉండ చేజారినట్టేనని ఆయన రాశాడు. ఉపమానం అద్భుతం, సలహా కఠినం. లాలీ బృందం చూసినదాన్ని బట్టి ఒక్కసారి తప్పడం వల్ల అలవాటు కుదురుకోవడానికి చెప్పుకోదగ్గ నష్టం కలగలేదు. నష్టం చేసేది తప్పిన రోజు కాదు, తప్పిన రోజు సాయంత్రం మనం మన మీద చెప్పుకునే తీర్పు. అటువంటి సాయంత్రాల్లోనే కొత్త సూక్తి కోసం ఫోను తీస్తాం. ఆరంభశూరత్వం అని మనకు ఒక మాట ఉంది కదా, దాన్ని తిట్టుగానే వాడుతాం. శూరులు ఆరంభించినన్ని సార్లు మళ్లీ ఆరంభిస్తే ఆ మాట తిట్టుగా మిగలదేమో.

రాత్రి పుస్తకం గురించి ఎక్కువ చెప్పను, అది వస్తువుల అమరిక సమస్య. ఫోను తలగడ పక్కన ఉన్నంత కాలం ఏ మహానుభావుడి మాటా దాని ముందు నిలవదు. చార్జరును వేరే గదిలోకి మార్చండి. ఉదయం అలారం కోసం ఫోను కావాలంటారు, ఒక మామూలు గడియారం తెచ్చుకోండి. ‘ఫోను చార్జింగుకు పెట్టగానే తలగడ మీద ఉన్న పుస్తకం తెరిచి ఒక పేజీ చదువుతాను.’ ఒక పేజీ తర్వాత నిద్ర వస్తే అది విజయమే. అయితే ఇది నడక కుదురుకున్నాక. మూడూ ఒకేసారి మొదలుపెడితే మూడూ పోతాయి.

కోపం మాత్రం వేరే జాతి. దాని గురించి కాస్త నిలబడి మాట్లాడాలి. బీరువా తలుపు మీద ‘కోపం నిన్నే కాల్చే నిప్పు’ వంటిది ఏదో అంటించి ఉంటారు. కేక వేసే క్షణంలో మీరు బీరువా ముందు ఉండరు. ఉన్నా చదవరు. చదివినా ఇంకా మండుతుంది. పైగా ‘కేకలు వేయను’ అన్న సంకల్పంలో పని ఏదీ లేదు, ఖాళీ ఉంది. ఖాళీలోకి పాతదే వచ్చి కూర్చుంటుంది. వద్దనుకున్నదాన్ని తలచుకుంటూ తప్పించుకోవడం కంటే, ఆ స్థానంలో ఏం చేయాలో రాసుకోవడం నయం.

అంతకంటే ముందు ఒక సంగతి గమనించండి. మీ కేకలకు కూడా ఒక ‘గానే’ ఉండే ఉంటుంది. చెడ్డ అలవాట్లకు మనం రాయకుండానే ఆ రెండక్షరాలు అతుక్కుని ఉంటాయి. ఇంటికి రాగానే, గుమ్మంలో అడ్డంగా సంచి కనబడగానే, ఒకే ప్రశ్న మూడోసారి అడగగానే. అది ఏమిటో మీకు తెలియదు, ఎందుకంటే కోపం చల్లారాక మనం ‘ఎందుకు’ అని ఆలోచిస్తాం, ‘ఎప్పుడు’ అని ఆలోచించం. ‘ఎందుకు’ అన్నదానికి ఎప్పుడూ ఎదుటివాళ్ల తప్పు దొరుకుతుంది. రెండు వారాలపాటు కేక వేసిన ప్రతిసారీ వేళ, చోటు మాత్రం రాయండి. కారణం రాయకండి, ఎవరి పేరూ రాయకండి. నేను ఒకప్పుడు ఇలా రాసి చూస్తే, నా అరుపుల్లో ఎక్కువ భాగం సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది మధ్యలో, ఇంకా బూట్లు విప్పకముందే పడ్డాయని తేలింది. స్వభావం అనుకున్నది చాలావరకు అలసట. బూట్లు విప్పి పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం అలవాటయ్యాక సగం తగ్గింది. మిగతా సగం నా స్వభావమే, ఒప్పుకుంటాను.

ఆ వేళా చోటూ దొరికాక మీ వాక్యం రాయండి. ‘నా గొంతు పెరిగిందని తెలియగానే చేతిలో ఉన్నది కింద పెట్టి కూర్చుంటాను.’ నిలబడి అరిచినంత సులువుగా కూర్చుని అరవలేం. తెలియడం మొదట్లో ఆలస్యమవుతుంది, కేక అయిపోయాక తెలుస్తుంది. అప్పుడు కూడా కూర్చోండి. కొన్నాళ్లకు కేక మధ్యలో తెలుస్తుంది, ఆ తర్వాత కేకకు ముందు. ఇంట్లో వాళ్లకు ఈ ఏర్పాటు చెప్పండి, లేకపోతే మధ్యలో హఠాత్తుగా కూర్చుంటే కళ్లు తిరిగాయనుకుని కంగారు పడతారు. కోపంతో పాటు నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బరువుగా ఉండటం వారాల తరబడి సాగుతుంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవండి. ఆ పని సూక్తులదీ కాదు, నాదీ కాదు.

సూక్తులన్నీ అటకెక్కించమంటున్నానని అనుకోకండి. సరైన చోట పెడితే అవీ పనిచేస్తాయి. లిఫ్టు పక్కనే ‘మెట్లెక్కండి’ అని బోర్డు పెడితే మెట్లెక్కేవాళ్లు కాస్త పెరుగుతారని చాలా పరిశీలనల్లో తేలింది. ఆ బోర్డులో కవిత్వమేమీ లేదు, రెండు దారులు చీలే చోట ఉంది, అంతే. అద్దం మీదిది తీసి చెప్పుల పైన గోడకు అంటించండి. నెలకొకసారి కాగితం మార్చండి, రంగైనా మార్చండి, లేకపోతే నా బల్ల అద్దం గతే. బతుకు మీద కసి పుట్టించేవి మాత్రం చించేయండి. నిద్ర మానుకున్నవాడే గెలుస్తాడు, అలసట బలహీనుల మాట వంటివి. అవి చెప్పినవాళ్లు గెలిచినవాళ్లు. అదే పని చేసి ఓడిపోయినవాళ్లను మాట్లాడమని ఎవరూ పిలవలేదు.

సూక్తులు అచ్చువేసి అమ్మిన మనిషి ఏం చేశాడో కూడా వినండి. అమెరికాలో అచ్చుపని చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1732 నుంచి పాతికేళ్లపాటు ఏటేటా వేసిన పంచాంగంలో నింపిన నీతివాక్యాలు ఇప్పటికీ జనం పంచుకుంటూనే ఉన్నారు. చాలావరకు పాత సామెతలకే ఆయన మెరుగు పెట్టాడు. తన ప్రవర్తన బాగు చేసుకోవాలనుకున్నప్పుడు మాత్రం ఆయన వాటి మీద ఆధారపడలేదు. చిన్న పుస్తకంలో గళ్లు గీశాడు. 13 సుగుణాలు నిలువునా, వారంలో ఏడు రోజులు అడ్డంగా. తప్పిన రోజు గడిలో నల్ల చుక్క. వారానికి ఒక్క సుగుణం మీదే గట్టి దృష్టి, మిగతావి ఎలా పోతే అలా. పదమూడు వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. చుక్కలు చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడితే దంతపు రేకుల మీదికి మార్చుకున్నాడు. ఇంతా చేసి, వస్తువులు ఎక్కడివి అక్కడ పెట్టే క్రమం మాత్రం తనకు చివరి దాకా పట్టుబడలేదని స్వయంగా రాసుకున్నాడు. నాకు ఆయన నీతివాక్యాల కంటే ఆ చిల్లుల కాగితం ఎక్కువ నచ్చుతుంది.

నాలుగో నోటుపుస్తకం కొన్నానని రాశారు. అందులో సూక్తులు రాయకండి. ఆరింటికి లేవడం మానకండి, ఆ కుర్చీ, ఆ కలం అలాగే ఉండనివ్వండి. అయిదేళ్లుగా కుదురుకున్నదాన్ని కదిలించకూడదు. రాసేది మాత్రం మార్చండి. తేదీ వేసి నిన్న ఏం జరిగిందో ఒక్క వాక్యం. ‘వీధి చివరి దాకా వెళ్లాను.’ ‘వెళ్లలేదు, నిద్ర చాలలేదు.’ ‘వెళ్లాను, అక్కడితో ఆగబుద్ధి కాక మలుపు దాకా వెళ్లాను.’ చేతిరాత గుండ్రంగా ఉండనక్కరలేదు. ఫొటో తీయనక్కరలేదు. ఏ ఆదివారమో మీ చెల్లెలి కూతురికి మాత్రం చూపించండి, ప్రశ్న ఆమెది కాబట్టి. రాయడం అయ్యాక పుస్తకం మూయండి. మూయగానే ఏం చేయాలో పైన రాసే ఉంది.

నా సంగతి అంటారా, బల్ల అద్దం కింది కాగితం నిన్న తీసేశాను. ‘కుర్చీలో కూర్చోగానే కట్టలో అడుగున ఉన్న ఉత్తరం పైకి తీస్తాను’ అని రాసి, కట్ట మీద పెట్టాను, కింద కాదు. అడుగున దొరికిన మొదటి ఉత్తరం మీదే.